ఆరో తరగతికే పునాది!

మా మేనల్లుడు చదివేది ఆరో తరగతి. పుస్తకం అట్ట మీద మాత్రం అప్పుడే ‘ఐఐటీ ఫౌండేషన్’ అని అచ్చు! పదకొండేళ్ల వాడికి పునాది ఏమిటి, వాడేమైనా అపార్టుమెంటా?

నిన్న పెరట్లో చీమల బారు వెంట గోడ దాకా పాకుతూ వెళ్లాడు. "ఆ చీమలేమైనా ర్యాంకు తెస్తాయా?" అని మా బావగారు కేక వేశారు. వాడు మోకాళ్ల మట్టి దులుపుకుని, ఓఎంఆర్ జవాబు పత్రం ముందు కూర్చుని గుండ్రాలు దిద్దసాగాడు. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పరీక్షను 2019 నుంచి కంప్యూటర్ మీదే పెడుతున్నారు. మరి ఈ గుండ్రాలు ఎవరి కోసమో! వాడు ఆ పరీక్ష రాయడానికి ఇంకా ఆరేళ్లుంది కూడా.

రాత్రి భోజనాల దగ్గర నా చెవిలో మెల్లగా అడిగాడు: "మామయ్యా, గోడ దాటాక చీమలు ఎటు వెళ్లాయి?"