ఏమీ లేకపోయినా ఎంత సంతోషమో!

మా మేనకోడలు కంబోడియా వెళ్ళింది. డాలస్‌లో వాళ్ళ చర్చి యూత్ గ్రూపు తరఫున, సియెమ్ రీప్ దగ్గర ఒక అనాథాశ్రమంలో పది రోజుల సేవ. మనిషికి మూడు వేల డాలర్ల పైమాటే ఖర్చు. అందుకోసం మా అక్క రెండు నెలల పాటు శనివారాలు బిర్యానీ వండి ప్లేట్ల లెక్కన అమ్మింది. పిల్ల అక్కడ దిగిన మూడో రోజు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "ఫస్ట్ ఇంప్రెషన్స్" అని పొడుగాటి మెసేజ్ పెట్టింది, పదకొండు ఫొటోలతో సహా. పెద్దక్క "దేవునికి స్తోత్రం" అంది. వైజాగ్ పిన్ని ఏడుపు బొమ్మలు ఏడు, దండం బొమ్మలు నాలుగు పెట్టింది. నేను రెండో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నాలుగు రోజులైంది. ఇంకా అక్కడే ఉన్నాను.

"ఈ పిల్లల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!"

ఈ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏ దేశపు వాలంటీరైనా, ఏ దేశంలో దిగినా, సరిగ్గా మూడో రోజున ఈ మాట రాయాల్సిందే. మొదటి రోజు రాయరు, సూట్‌కేసు కనపడక టెన్షన్‌లో ఉంటారు. రెండో రోజు కడుపు బాగుండదు. మూడో రోజు ఓఆర్ఎస్ తాగి, కాస్త తేరుకుని, ఎదురుగా నవ్వుతున్న పిల్లాణ్ణి చూసి ఈ సత్యం కనిపెడతారు. ఇదే నిజమైతే ఆర్థిక శాస్త్రం మొత్తం తిరగరాయాలి. ఏమీ లేకపోవడమే సంతోషమైతే, పాపం ఆ పిల్లలకి బెలూన్లు, చాక్లెట్లు, చెప్పులు మోసుకెళ్ళి ఉన్న సంతోషం చెడగొట్టడం ఎందుకు? నెలాఖరున మా ఇంట్లోనూ ఏమీ ఉండదు. ఒక్క టీమూ వచ్చి ఫొటో తీసిన పాపాన పోలేదు.

ఈ విషయంలో నేను కాస్త అధికారంగానే మాట్లాడగలను. ఎందుకంటే ఆ సంతోషాన్ని నేను వృత్తిగా చేశాను. ఐదేళ్ళ అనుభవం ఉంది.

కోస్తాలో ఒక మిషన్ హాస్టల్. ముప్పై ఎనిమిది మందిమి. డిసెంబరు చివర్లో చలి మొదలవగానే దొరల టీములు దిగేవి, ఫిబ్రవరి దాకా నాలుగైదు. ఎవరికి వారు తామే మొదటిసారి వచ్చామనుకునేవాళ్ళు. ప్రతి టీమూ నోవహు ఓడ డ్రామా తెచ్చేది, జలప్రళయంలో జంతువుల్ని ఓడెక్కించి కాపాడిన కథ. ఎందుకో తెలీదు, బైబిల్లో అరవై ఆరు పుస్తకాలుండగా అందరికీ ఆ ఓడే కావాలి. జంతువులుంటాయనేమో. ఒక ఆస్ట్రేలియా టీము కంగారూ మాస్కు మర్చిపోయి వెళ్ళింది కాబట్టి మా ఓడలో కంగారూ కూడా ఎక్కేది. నేను ఏనుగు వెనక సగం. ఐదేళ్ళలో ముందు సగానికి ప్రమోషన్ రాలేదు.

టీము వచ్చే ముందురోజు రాత్రి వార్డెన్ మాకు రిహార్సల్ చేయించేవాడు. డ్రామాకి కాదు, ఆశ్చర్యానికి. "వాన అనగానే పైకి చూడాలి. ఓడ అనగానే నోళ్ళు తెరవాలి. అనకముందే తెరిచినవాడికి రేపు గుడ్డు లేదు." మేము తెరిచేవాళ్ళం. ముప్పై ఎనిమిది నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకుంటే ఎంత బాగుంటుందో మీరు చూడాల్సిందే. ఎదురుగా తెల్లటి అమ్మాయిలు గుండె మీద చెయ్యి వేసుకునేవాళ్ళు. పక్కన ట్రాన్స్‌లేటర్ అన్న ఉండేవాడు. ఆయనది వేరే కళ. దొర రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని మాట్లాడితే, అన్న మావైపు తిరిగి "కదలకుండా కూర్చోండి" అని ముగించేవాడు.

ఆ సీజనులో నాలుగో టీము. నోవహు వేసిన కుర్రాడు, నీళ్ళు తగ్గాయో లేదో చూడ్డానికి, ఓడ కిటికీ తెరిచి నేరుగా పావురాన్ని వదిలాడు. ముందు వరసలో కూర్చున్న ఒకటో తరగతి బుడ్డోడికి ఒళ్ళు మండింది. లేచి నిలబడి "కాకి! ముందు కాకి!" అని అరిచాడు. నిజమే, ఆదికాండంలో నోవహు ముందు వదిలింది కాకినే. గత మూడు టీములూ కాకిని వదిలాయి కూడా. వార్డెన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆశ్చర్యం గుట్టు రట్టయిందని మేమంతా గుడ్డు మీద ఆశ వదులుకున్నాం. టీము లీడరు ఏమన్నాడని అడిగాడు. అన్న చెమట తుడుచుకుంటూ చెప్పాడు. లీడరు బైబిలు తీశాడు, తిరగేశాడు, చూశాడు. మోకాళ్ళ మీద పడ్డాడు.

ఎన్నడూ వాక్యం వినని అనాథ పిల్లవాడి నోట దేవుడు కాకిని పలికించాడు!

టీము మొత్తం ఏడ్చింది. మేమూ ఏడ్చాం, ఏడుపుకీ రిహార్సల్ అయింది కాబట్టి. బుడ్డోడికి ఎర్ర టోపీ ఇచ్చారు. ఆ ఏడు వాళ్ళ ఊరి చర్చి పత్రికలో ఈ సాక్ష్యం అచ్చయిందట, చందాలు బాగా వచ్చాయట. మరుసటి ఏడు వార్డెన్ మాలో ముగ్గురికి కాకి డైలాగు నేర్పించాడు.

నవ్వుకున్నారా? నేనూ చాలా ఏళ్ళు ఇది చెప్పి నవ్వించాను. ఇప్పుడు ఆ బుడ్డోడి గురించి చెప్పని సంగతి ఒకటి చెబుతాను. వాడు అనాథ కాదు. వాడికి అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు. నాకు అమ్మ ఉంది. నాన్న పోయాక మిరప తోటల్లో కూలికి వెళ్ళేది. మా ఊళ్ళో బడి ఐదో తరగతి దాకే కాబట్టి, చదువు చెప్పి అన్నం పెడతామంటే చేర్పించింది. నెలలో రెండో ఆదివారం వచ్చేది. టీము ఉన్న వారాల్లో మాత్రం రావద్దని కబురు పెట్టేవాళ్ళు. ఒకసారి కబురు అందలేదు. జంతికల పొట్లం పట్టుకుని వచ్చింది. గేటు తీయలేదు. ఎదురుగా బడ్డీకొట్టు పక్కన చింతచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడి, ఒక తెల్లమ్మాయి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటో దిగడం చూసింది. నేను నవ్వుతున్నాను ఆ ఫొటోలో. నవ్వకపోతే వార్డెన్ ఊరుకోడు. పదిహేనేళ్ళప్పుడు ఆఫీసు గదిలో నా ఫైలు కంటపడింది. ఇంగ్లీషులో ఒకే లైను: తల్లిదండ్రులిద్దరూ మరణించారు. మా అమ్మని కాగితం మీద చంపేశారండీ! బతికున్న మనిషిని! ఆ చావు చూపించి నెలనెలా డబ్బులు తెప్పించుకున్నారు. ఆవిడకి కావలసింది నా బస్సు పాసుకీ, పుస్తకాలకీ కాస్త సాయం. అది చేసుంటే నేను ఏ రాత్రీ ఇంటికి దూరంగా పడుకోనక్కర్లేదు. కానీ అమ్మ పక్కన పడుకున్న పిల్లాడితో ఎవరు ఫొటో దిగుతారు?

ఇది ఒక్క మా హాస్టల్ గొడవ అనుకోకండి. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని, వాటిలో ఉన్న పిల్లల్లో నూటికి డెబ్బై మందికి పైగా కనీసం ఒక తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ 2011లోనే చెప్పింది. ఆ ఐదేళ్ళలో అక్కడ తల్లిదండ్రులు మూకుమ్మడిగా చచ్చిపోలేదు. టూరిస్టులు పెరిగారు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది "అనాథల్ని" సరిహద్దు దాటిస్తూ పట్టుబడ్డారు. ఆరా తీస్తే చాలామందికి అమ్మానాన్నలున్నారు. మాకు కంగారూ మాస్కు ఇచ్చిన దేశమే 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, ఇలా పిల్లల్ని ఆశ్రమాలకి తోలడం కూడా బానిసత్వమేనని గుర్తించింది.

అన్నట్టు మా అక్క చెప్పింది, వాళ్ళ చర్చిలో సండే స్కూలు పసిపిల్లల గదిలోకి ఎవరైనా వెళ్ళాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలట. చాలా మంచి నియమం. సియెమ్ రీప్ పిల్లల్ని ఎత్తుకోవడానికి మాత్రం ఒకే రంగు టీషర్టు సరిపోతుంది.

ఇది చదివి "క్రైస్తవ సేవ మీద విషం కక్కుతున్నాడు" అని గ్రూపులోంచి నన్ను తీసేసేవాళ్ళు ఉంటారు. నేనూ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణే. సేవ అంటే ఏమిటో మాకు ఎవరూ డాలస్ నుంచి వచ్చి చెప్పక్కర్లేదు, గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ఉంది. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో వచ్చింది, 1930లో గుంటూరులోనే కన్ను మూసింది. ఆవిడ "ఫస్ట్ ఇంప్రెషన్స్" ఏమిటో నాకు తెలీదు, రోగులు వరసలో ఉంటే రాసే తీరిక ఉండి ఉండదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, మాదిగ పల్లెల జనానికి కూలి ఇచ్చి, కుటుంబాలని కుటుంబాలుగానే నిలబెట్టాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆయన పద్ధతులన్నీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ పిల్లల్ని పోగేసి బెలూన్లు ఊదే ఆలోచన ఆ మనిషికి రాలేదు.

మా మేనకోడలి మీద నాకు కోపం లేదు. మంచి పిల్ల. పదిహేడేళ్ళు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అమ్మాయికీ అంతే ఉండి ఉంటాయి. పదకొండు ఫొటోల్లో నాలుగోదాంట్లో ఒక పిల్లాడు దాని మెడ చుట్టూ చేతులు వేసి నవ్వుతున్నాడు. నేను జూమ్ చేసి చూసింది వాణ్ణి కాదు. వెనకాల గేటుని. అవతల ఎవరైనా ఉన్నారేమోనని.

చివరికి ఇవాళ పొద్దున గ్రూపులో కాకుండా విడిగా మెసేజ్ పెట్టాను. "అమ్మా, నాలుగో ఫొటోలో బాబు వాళ్ళమ్మ ఏ ఊళ్ళో ఉంటుందో అడిగావా?"

గంట తర్వాత జవాబొచ్చింది.

"అడగలేదు మావయ్యా. అనాథాశ్రమం కదా? అయినా రేపు అడుగుతాను. ఇవాళ కుదరదు, నోవహు ఆర్క్ డ్రామా ఉంది. నువ్వు నమ్మవు, పిల్లలు భలే ఆశ్చర్యపోతున్నారు!"