ఎద్దుకు లైసెన్స్ ఇవ్వాలి

శనివారం రాత్రి పదకొండింటికి హైదరాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ దిగినా కింద పోలీసులు గొట్టం పట్టుకుని "ఊదండి సార్" అంటూ ఎదురొస్తారు. మొన్న నా ముందు పోతున్న కుర్రాడు ఆ సీను యాభై గజాల అవతలే పసిగట్టి, బండి ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ వచ్చాడు.

"ఏం తమ్మీ, ఊదు."

"నేనెందుకన్నా? నేను బండి నడుపుతలేను. నడిపించుకుంట పోతున్న."

కానిస్టేబుల్ ఆలోచనలో పడ్డాడు. నడపడానికీ నడిపించడానికీ మధ్య పదివేల రూపాయలున్నాయి మరి. మన వ్యాకరణ పండితులెవరూ ప్రేరణార్థక క్రియకు ఇంత ధర పలికించలేకపోయారు.

ఇంటికెళ్లి 1988 నాటి మోటారు వాహనాల చట్టం తిరగేశాను. 185వ సెక్షన్: వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటి మద్యం ఉండి బండి నడిపినా, నడపబోయినా నేరం. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్లు, 15,000. 2019 సవరణకు ముందు మొదటిసారి జరిమానా 2,000 లోపే. పైగా లైసెన్స్‌కూ ఎసరు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇదంతా 'మోటారు వాహనం' నడిపినవాడికి. నాలుగు చక్రాల కంటే తక్కువుండి, ఇంజను 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనమే కాదు. 250 వాట్ల లోపు శక్తితో, గంటకు 25 కిలోమీటర్లు కూడా అందుకోని బ్యాటరీ బండికీ మినహాయింపుంది. సైకిలూ, రిక్షా, ఎడ్లబండీ, గుర్రం ఆ లెక్కలోకే రావు. పట్టాల మీద నడిచేదీ రాదు. రైలు డ్రైవర్లు సంబరపడక్కర్లేదు, రైల్వే చట్టం వాళ్లకు వేరే పీట వేసి ఉంచింది.

అంటే మన చట్టం రెండు కొలతలు తీస్తుంది: నెత్తురులో మిల్లీగ్రాములు, సీటు కింద సీసీలు. రెండోది లేకపోతే మొదటిది మెడదాకా ఉన్నా 185 కంటికి ఆనదు. టీవీఎస్ ఫిఫ్టీ మీద కల్లుముంత వాసనతో దొరికినవాడు ముద్దాయి. అదే ముంత తాగి సైకిలెక్కి వాడికి అడ్డం పడ్డవాడు సాక్షి. (సైకిలంటే ఇక్కడ తొక్కే సైకిలే. ఎన్నికల సంఘానికి ఉత్తరాలు రాయొద్దు.)

అలాగని దొరలు మనల్ని బొత్తిగా గాలికొదిలేయలేదు. 1860 నాటి శిక్షాస్మృతి 510వ సెక్షన్ కింద తాగి నలుగురిలో అల్లరి చేస్తే ఇరవై నాలుగు గంటల దాకా జైలు, లేదా పది రూపాయల దాకా జరిమానా. ఆ పది రూపాయలు 2024 జూలైలో దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా అలాగే ఉన్నాయి. ధర పెరగని వస్తువు దేశంలో అదొక్కటే! ఇప్పుడు వెయ్యి చేశారు, సమాజ సేవ కూడా చేర్చారు. అదే దొరలు సొంతూళ్లో మాత్రం 1872లో చట్టం రాసుకున్నారు: బండి, గుర్రం, పశువులు, ఆవిరి యంత్రం, వీటిలో దేన్ని తోలుకుపోతూ తాగి ఉన్నా నలభై షిల్లింగుల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు. మనకు పంపిన పుస్తకంలో ఆవును మర్చిపోయారు. ఆవు మీద చట్టాలకు మనకేం కొరత అనుకున్నారేమో.

మిగతా లోకం ఇంకా ముందుంది. జర్మనీలో నెత్తురులో వెయ్యికి 1.6 పాళ్లు మద్యంతో సైకిల్ తొక్కితే నేరం. ఆ మోతాదు మన ముప్ఫై మిల్లీగ్రాములకు అయిదు రెట్ల పైమాటే, అంతదాకా తాగి రెండు చక్రాల మీద నిలబడ్డవాడికి నిజానికి సన్మానం చెయ్యాలి. వాళ్లు మానసిక పరీక్షకు పంపుతారు, అందులో తప్పితే కారు లైసెన్స్ పోతుంది. జపాన్‌లో 2024 నవంబర్ నుంచి మద్యం వాసనతో సైకిల్ తొక్కితే మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల యెన్ల దాకా జరిమానా. తాగినవాడికి సైకిల్ ఇచ్చినవాడికీ శిక్షే. తొక్కుతాడని తెలిసి మద్యం పోసినవాడికీ శిక్షే.

ఈ ఆఖరి ముక్క దగ్గర నాకు చెమటలు పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే కొట్టు పెట్టి మరీ అమ్మింది. అప్పుడు గనక జపాన్ చట్టం ఇక్కడుంటే, సైకిలాయనతో పాటు సర్కారు వారు కూడా బోనెక్కి "ఊదండి" అనిపించుకునేవారు. తెలంగాణలో వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్, దాని ముందు బారుగా బండ్లు. ఆ బండ్లు వాటంతటవే ఇంటికెళ్తాయని నమ్మకం కాబోలు.

నమ్మకం తప్పు కాదు. మా పెద్దనాన్న బండి అలాగే వెళ్లేది. సంత రోజు ధాన్యం అమ్మి, కల్లుపాకలో కూర్చుని, చీకటిపడ్డాక బండిలో గడ్డి మీద వెల్లకిలా పడుకునేవాడు. పగ్గాలు ఎద్దుల మెడ మీద, తలపాగా ముఖం మీద. మూడు మైళ్లు, రెండు మలుపులు, ఒక కాలువ వంతెన. తెల్లారి మా వాకిట్లో లేచి "ఎవుర్రా నన్నిక్కడ పడేసింది?" అనేవాడు. డ్రైవర్ లేని కారు కనిపెట్టామని ఇప్పుడు అమెరికావాళ్లు గొప్పలు పోతున్నారు.

అందుకే నా విన్నపం: లైసెన్స్ ఎద్దుకే ఇవ్వాలి. నెత్తురులో సున్నా మిల్లీగ్రాములు. కంటిచూపు మంచిది. ఫోన్ మాట్లాడదు. మన విమాన పైలట్లు విమానమెక్కే ముందు పన్నెండు గంటలు చుక్క ముట్టకూడదు, మద్యం కలిసిన మౌత్‌వాష్ పుక్కిలించినా తప్పే. ఎద్దు అసలు పుక్కిలించదు. మనిషికిస్తే ఏం లాభం? రద్దు చేద్దామంటే సగంమంది దగ్గర లైసెన్సే ఉండదు. "ఇకమీదట నువ్వు లైసెన్స్ తీసుకోవడానికి అనర్హుడివి" అని తీర్పిస్తే, "తీసుకుందామని నేనెప్పుడన్నానండీ?" అంటాడు.

ఒక్క చిక్కుంది. సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు మా పెద్దనాన్న మెలకువగా ఉన్న రోజుల్లో కూడా ఆ ఎద్దులు కల్లుపాక రాగానే వాటంతటవే ఆగిపోయేవి. ఎంత అదిలించినా కదిలేవి కావు. "నోరులేని జీవాలు, వాటి మాట కాదనలేకపోయాను" అని మా పెద్దమ్మకు చెప్పేవాడు. జపాన్ చట్టం ప్రకారం ఇది ఎవరి ఖాతాలోకి వస్తుందో న్యాయనిపుణులు తేల్చాలి.