మిర్రర్‌లెస్ కెమెరా గారికి ఓ కోనసీమ వాడి ఉత్తరం

మహారాజశ్రీ మిర్రర్‌లెస్ కెమెరా గారికి,

ఆయ్, నమస్కారాలండి. ఉభయకుశలోపరి. పెద్దపండక్కి తమరిని రాజమండ్రి నుంచి అమలాపురం తీసుకొచ్చుకున్నాం, రోజుకి 1500 అద్దె, డిపాజిట్ వేరే, మా ఇంటి కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగలేదు. తమరి కంపెనీ పేరు ఇక్కడ రాయను లెండి, పరువు గలవారు.

తేలిక అన్నారు. అద్దం తీసేశాం గనక సన్నబడ్డాం అన్నారు. నిజమే, పాత కెమెరాల్లో ఆ అద్దం లేచి పడటానికి చోటు కావాలి కాబట్టి లెన్సు బిగించే చోటికీ ఫిల్ముకీ మధ్య దూరం ఉంచేవారు, 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంట్‌లో అది 46.5 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌లో 16. తగ్గింది, ఒప్పుకున్నాం. మరి ఆ తగ్గిన బరువంతా నా భుజాన ఉన్న సంచిలోకి ఎలా వచ్చిందండి? లెన్సులే మూడు, 16-50 ఒకటి, 35 ఒకటి, 70-300 ఒకటి (అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతాయట), వాటి మూతలు, తమరికి ఆకలెక్కువ గనక మూడు బ్యాటరీలు. కంటి దగ్గర పెట్టుకునే కిటికీలో కూడా చిన్న టీవీయే కదా, ఊరికే చూస్తున్నా చార్జింగ్ తాగేస్తుంది. మా మావయ్య ఒక్కమాటలో తేల్చేశాడు: "కెమెరా చూస్తే బొండమంత, సంచి చూస్తే గెలంత."

రావులపాలెం దాటాక బస్సులోంచి కొబ్బరిచెట్లు తీశాను, ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి. చెట్లన్నీ ఒకే పక్కకి వాలిపోయాయి. తమరు బొమ్మని ఒక్కసారిగా కాకుండా వరస వరసగా చదువుతారట, పై వరస చదివి కింది వరసకి వచ్చేలోపు బస్సు కదిలిపోతుంది. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది గానీ, మా అమ్మ ఫోటో చూసి "ఇది 96 తుఫానుది కదా, నీకెక్కడ దొరికింది?" అంది.

అదే షట్టర్‌తో అమ్మమ్మని తీశాను. తమరు చప్పుడు చెయ్యరు, అదో గొప్ప. అరుగు మీద ఆవిడ ఊపిరి బిగబట్టి, నవ్వుని పెదాల మీదే ఆపుకుని కూర్చుంది, నేను ఇరవై తీసేశాను, ఆవిడ మాత్రం టిక్కుమనేదాకా కదలకూడదని అలాగే ఉండిపోయింది. "ఒరే, తీస్తావా, నన్ను ఇలాగే పంపించేస్తావా?" అని కేకేసింది. అప్పట్నుంచి లక్ష రూపాయల కెమెరా పక్కన నేనే నోటితో టిక్కు, టిక్కు అనుకుంటూ తిరిగాను.

పూర్వం స్టూడియో నడిపిన మావయ్య తన పాత 50 లెన్సు బయటికి తీశాడు. ఎడాప్టర్ పెడితే తమరికి సరిపోయింది, చేత్తో తిప్పుతుంటే కిటికీలో ఫోకస్ అయిన అంచులు ఎర్రగా మెరిశాయి, ఇదొక్కటీ బాగుంది. మా గాలిలో తేమకి లోపల గాజు మీద సాలెగూడులా బూజు పట్టింది, అయినా ఈ మూడు రోజుల్లో మంచి ఫోటో అంటే దాంతో తీసిందే. కాకపోతే ఫిల్ముకి బదులు బొమ్మని పట్టే తమరి సెన్సరు చిన్నది గనక 50 కాస్తా 75లా దగ్గరగా చూస్తుంది. మనిషి పట్టాలంటే వెనక్కి జరగాలి. కోనసీమలో వెనక్కి జరగడమంటే ఏమిటో తమరిని తయారుచేసినవాళ్లకి తెలీదు. నా వెనకాల బోదె కాలవ ఉంది. మోకాలిదాకా దిగాను, తమరిని మాత్రం తల మీద పెట్టుకున్నాను.

ఇక కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, వెదురుతో ఎత్తుగా కట్టి రంగు గుడ్డలు చుట్టిన దేవుడి ప్రభలు ఊళ్ల నుంచి మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలో దిగి వస్తున్నాయి, అశ్శరభ శరభ అని జనం, అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ నీళ్లలో అడుగులేస్తున్నారు, ఒళ్లు గగుర్పొడిచింది. తమరికి నేను పెట్టింది 16-50. ప్రభ అగ్గిపెట్టంత పడింది. సరే అని 70-300 మార్చేసరికి ప్రభ గట్టెక్కి నా నెత్తిమీదకే వచ్చేసింది, చూస్తే తెరనిండా ఒక ఎర్ర గుడ్డ, దానికో కుట్టు. మళ్లీ మార్చాలి. లెన్సు మార్చడానికి మూడు చేతులు కావాలండి, ఆ విషయం డబ్బా మీద రాయలేదు. అద్దమైనా ఉంటే అడ్డు ఉండేది, తమరికి లెన్సు తియ్యగానే సెన్సరు నోరు తెరుచుకుని ఎదురుగా ఉంటుంది. నోరు కిందికి పెట్టి మార్చాలని తెలుసు, కానీ వెనకనుంచి జనం తోస్తుంటే ఏది కిందో ఏది పైనో! పక్కనున్న కుర్రాడికి మూత ఇచ్చాను, వాడు మూతతో సహా ప్రభ వెనకాల వెళ్లిపోయాడు. పదకొండు ప్రభలొచ్చాయి. నాకు పడ్డవి రెండు, ఒకటి సగం.

మర్నాడు తమరిని దిగబెట్టడానికి వస్తూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగాను. గోదావరి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా స్పష్టంగా రావాలని ఎఫ్ 16 పెట్టాను, అంటే లెన్సు కన్ను బాగా చిన్నది చేశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తూ మావయ్య అన్నాడు, "ఈ గద్ద తోట నుంచి మన వెనకే వచ్చినట్టుందేంట్రా?" అన్ని ఫోటోల్లోనూ ఆకాశంలో అదే మూల, అదే గద్ద. కన్ను బాగా తెరిచి ఎఫ్ 1.8లో తీసినవాటిలో మాత్రం కనపడదు. గద్ద కాదండి, తోటలో లెన్సు మార్చినప్పుడు సెన్సరు మీద వాలిన దుమ్ము.

షాపాయన లెన్సులు లెక్కపెట్టి, మూతకి డబ్బులు పట్టుకుని, లోపలికి చూడకుండా తమరిని బీరువాలో పెట్టేశాడు. తరవాత ఎవరు తీసుకెళ్తారో గానీ, ఎఫ్ 16 జోలికి వెళ్లొద్దని నా మాటగా చెప్పండి.

ఇట్లు,
సంచి మోసినవాడు