లెట్యూస్ గారి శీతాకాల విడిది

శీతాకాల విడిదికి రాష్ట్రపతి బొల్లారం రావడం హైదరాబాద్‌కు ఆనవాయితీ. మిద్దెల మీదికి సలాడ్ ఆకుకూర లెట్యూస్ గారు వేంచేసేదీ ఆ రోజుల్లోనే కాబట్టి మర్యాదల్లో లోటు రాకూడదు. తోటకూర సంగతి వేరు. అది పిలవకుండానే వస్తుంది, అందుకే దానికోసం ఎవరూ కుర్చీలోంచి లేవరు.

అక్టోబరు చివరి వారం దాకా ఆగండి. మట్టి వేడి 30 డిగ్రీలకు చేరితే గింజ లేవనని మొండికేస్తుంది. ఆగలేనివారు తడిగుడ్డలో చుట్టి 2 రోజులు ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన బస ఏర్పాటు చేయాలి.

విడిదికి 8 అంగుళాల లోతు తొట్టి, అడుగున చిల్లులు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లు, గుప్పెడు వేపపిండి. గింజను పాతిపెట్టారో, అపచారం! దానికి వెలుతురు తగలాలి. పైపైన చల్లి, కోకోపీట్ పలచగా దులిపితే చాలు. మగ్గుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోయి అక్కడే సభ పెడతాయి. స్ప్రే సీసా వాడాలి. చుట్టూ చీమలకు కాపలా కూడా ఉండాలి, గింజల్ని మోసుకుపోవడంలో వాటికి ప్రొటోకాల్ పట్టింపు లేదు.

మొలిచాక అసలు గండం అతిభక్తి. పొద్దునా సాయంత్రమూ అభిషేకం చేస్తే నారు కాడ మట్టి దగ్గర దారంలా సన్నబడి, తెల్లారేసరికి ఒరిగిపోతుంది. అది నారుకుళ్లు. నిమ్మకాయలు కట్టకండి, దిష్టి కాదది, మీ మగ్గు.

నాలుగాకులు రాగానే సాయంత్రం పూట జానెడు ఎడంతో మార్చి నాటాలి. క్యాబేజీలా ఆకులు ముడుచుకుని గడ్డకట్టే ఐస్‌బర్గ్ రకాన్ని ఊటీకి వదిలేయండి, మన చలి ఆయన స్థాయికి చాలదు. విడి ఆకుల రకాలు కాస్త సర్దుకుపోతాయి. పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మండి. వేపనూనె కొట్టి మర్నాడే సలాడ్ చేసుకుంటే ఉగాది ముందే వచ్చేస్తుంది.

విత్తిన 50 రోజులకు, పొద్దున్నే, నడిమి చిగురు ముట్టకుండా బయటి ఆకులు మాత్రం కోయాలి. ఇంత సేవకూ దక్కేది రెండు బ్రెడ్ ముక్కల మధ్య కరకరమనే నీళ్లు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్తుంది, వెనకే లెట్యూస్ గారూ. నడుమ కాడ నిటారుగా లేస్తుంది, తుంచితే పాలు కారతాయి, ఆకు చేదెక్కుతుంది. తొట్టి ఖాళీ చేస్తుంటే ఓ మూల ఎవరూ వేయని తోటకూర కనిపిస్తుంది. పీకి పారేయబోతారేమో, ఆగండి. రాత్రి పప్పులోకి ఏముంది ఇంట్లో?