చందమామ మీది నీళ్లు తగలెయ్యడానికి కాదు

చంద్రుడి దక్షిణ ధ్రువంలో మంచు ఉందనగానే అందరిదీ ఒకటే పాట. నీటిని విడగొడదాం, రాకెట్ ఇంధనం చేద్దాం, అక్కణ్ణుంచి అంగారకుడికి పోదాం! ఈ ప్లాన్‌ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఎందుకో లెక్కతోనే చెప్తాను.

ముందు అక్కడ ఎంత ఉందో చూద్దాం. 2009 అక్టోబర్ 9న నాసా ఎల్‌క్రాస్ ప్రయోగంలో ఖాళీ రాకెట్ దశను కేబియస్ బిలంలోకి గుద్దించారు. లేచిన ధూళిని చూసి, మట్టి బరువులో 5.6 శాతం నీరుందన్నారు, 2.9 అటూ ఇటూగా. అంటే టన్ను మట్టికి 27 కిలోలు రావచ్చు, 85 కిలోలూ రావచ్చు. ఆ తర్వాత ఎండ ఎన్నడూ పడని ధ్రువపు చీకటి బిలంలో డ్రిల్ దింపి చూసినవాళ్లు లేరు. 2025 మార్చిలో మీటరు లోతు తవ్వే డ్రిల్‌తో వెళ్లిన అథీనా ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది. డ్రిల్ కదిలింది గానీ మట్టిలోకి దిగలేదు.

ఇప్పుడు ఖర్చు. 9 కిలోల నీటిని విడగొడితే 1 కిలో హైడ్రోజన్, 8 కిలోల ఆక్సిజన్ వస్తాయి. ఇంజిన్‌కి మాత్రం కిలో హైడ్రోజన్‌కి 6 కిలోల ఆక్సిజన్ చాలు. అంటే 9 కిలోల నీటికి ట్యాంకులోకి వెళ్లేది 7 కిలోలే. 100 టన్నులు నింపాలంటే దాదాపు 129 టన్నుల నీరు కావాలి. ఒక్క చుక్క వృథా కాకపోయినా, పై అంకెల ప్రకారం 1,500 నుంచి 4,800 టన్నుల మట్టి తవ్వాలి. ఒక్కసారి ట్యాంకు నింపడానికి! ఇంజిన్‌లోంచి పోయిన ఆ నీరు మళ్లీ తిరిగిరాదు.

మన ఊళ్లో బోరు ఎండాకాలం ఎండినా వానలకి కొంత ఊరుతుంది. అయినా ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు బోర్లు వెయ్యకూడదని 2002లో వాల్టా చట్టం తెచ్చుకున్నాం. చంద్రుడి మీది మంచు కోట్ల ఏళ్లుగా పేరుకున్నది. మనం తోడే వేగానికి అది మళ్లీ నిండే దారే లేదు.

ఇక తవ్వడం. మైనస్ 160 డిగ్రీల కంటే చల్లగా ఉండే చీకట్లో మంచు, మట్టి కలిసి రాయిలా బిగుసుకుపోతాయి. డ్రిల్ రాపిడికి పుట్టే వేడికి ఆ మంచు కరిగి నీరవ్వదు. గాలి పీడనం లేదు కాబట్టి నేరుగా ఆవిరైపోతుంది. దాన్ని మూత కింద బంధించి, చల్లటి పలక మీద మళ్లీ గడ్డకట్టించాలి. మూత అంచు ఎగుడుదిగుడు నేలకు సరిగ్గా ఆనకపోతే ఆవిరి పక్కలనుంచి జారిపోతుంది. పట్టుకున్నదీ శుభ్రమైన నీరు కాదు. కేబియస్ ధూళిలో అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, పాదరసం కూడా కనిపించాయి. వాటిని వడగట్టకుండా పంపితే, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ పాడవుతుంది. బిలం అడుగున సోలార్ ప్యానెళ్లు పనిచెయ్యవు, కరెంటు అంచు మీద నుంచి కేబుల్ వేసి లాగాలి.

మరి రాకెట్లకి దారి? ట్యాంకులో బరువు ఎక్కువగా ఆక్సిజన్‌దే. హైడ్రోజన్ ఇంజిన్‌లో ఏడింట ఆరు వంతులు, మీథేన్ ఇంజిన్‌లో నాలుగింట మూడు వంతుల పైనే. చంద్రుడి మామూలు మట్టి బరువులో 40 శాతం పైగా ఆక్సిజనే, అదీ ఎక్కడ తవ్వినా! కాబట్టి ఆక్సిజన్‌ని ఎండపడే అంచుల మీది మట్టిలోంచి తీసి, మిగతా కొద్దిపాటి ఇంధనం భూమి నుంచి తీసుకెళ్లాలి. కష్టాలు లేవనను. మట్టిని 1,600 డిగ్రీల దగ్గర కరిగించాలి, కరెంటు విపరీతంగా తింటుంది, ఆ కరిగిన మట్టి ఎలక్ట్రోడ్లనే కొరికేస్తుంది. కానీ ఎండ తరిగిపోదు, మంచు తరిగిపోతుంది.

నీరు మనుషులకి ఉంచాలి, అదీ తిప్పి వాడుకుంటూ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2023 నాటికే 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలిగారు.

చట్టాల సంగతి చూస్తే కోపం వస్తుంది. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ చంద్రుణ్ణి సొంతం చేసుకోకూడదంది. అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో, జపాన్ 2021లో తవ్వినవాడిదే తీసిన సరుకు అని చట్టాలు చేశాయి. చంద్రుడి మీద పనులకి అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాల మీద భారత్ 2023 జూన్‌లో సంతకం పెట్టింది. వీటిలో ఏదీ ఎంత తియ్యొచ్చో చెప్పదు. 2019లో ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ ఎల్విస్, తత్వవేత్త టోనీ మిల్లిగన్ మాత్రం సౌరకుటుంబ వనరుల్లో ఎనిమిదో వంతే తాకాలన్నారు. ఏటా 3.5 శాతం పెరిగే వాడకం 20 ఏళ్లకి రెట్టింపవుతుంది, కాబట్టి ఎనిమిదో వంతు దాటాక మొత్తం అయిపోవడానికి 60 ఏళ్లే. ధ్రువ బిలాలకి ఈ నియమం ఇప్పుడే పెట్టాలి. కొన్నిటిని పూర్తిగా ముట్టుకోకూడదు, ఆ మంచు పొరల్లో తోకచుక్కల చరిత్ర ఉంది.

దిగే చోటుకీ దూరం పెట్టాలి. 1969లో అపోలో 12 దిగినప్పుడు ఎగిరిన ఇసుక సుమారు 160 మీటర్ల అవతల, అంతకుముందే దిగి ఉన్న సర్వేయర్ 3 అనే మనుషుల్లేని నౌకని గీకేసింది. ఎగ్జాస్ట్‌లోని నీటి ఆవిరి చీకటి బిలాల్లో గడ్డకడితే, ఆ తర్వాత కొలిచేది చంద్రుడి మంచో మన పొగో తెలియదు.

కొలవడం కూడా మీటరు మీటరుకీ జరగాలి. నేల వేడిని కొలిచే చంద్రయాన్-3 చేస్ట్ పరికరం దిగిన చోట, ఎండవైపు వాలిన నేల మీద 82 డిగ్రీలు చూపిస్తే, మీటరు దూరంలోని చదును నేల దాదాపు 60 డిగ్రీలే ఉందని తేలింది. అంత చిన్న వాలుకే అంత తేడా! మంచు ఎక్కడ నిలుస్తుందో కూడా ఆ వేడిని బట్టే ఉంటుంది.

ఇస్రో, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా కలిసి పంపే లూపెక్స్ రోవర్ నీటి కోసం డ్రిల్ చేయబోతోంది. ఐక్యరాజ్యసమితి బృందం అంతరిక్ష వనరుల సూత్రాలను 2027లోగా తేల్చాలి. ఆ బల్ల దగ్గర మన దేశం అడగాల్సింది ఇదీ: డ్రిల్ డేటా అందరికీ తెరవాలి, ఏ బిలంలోనైనా నిల్వ కొలిచి ప్రకటించకుండా టన్ను మట్టి కూడా తియ్యకూడదు, తీసిన నీటిలో ఎంత తిరిగి వాడారో ఏటా లెక్క చూపాలి.