ఏరి ఏరి తెచ్చిన చేప

కాకినాడలో పుట్టాను కనుక నాకు చేపల సంగతి తెలుసని మా అత్తగారి నమ్మకం. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుంటూ వచ్చాను, చేపల బజారుకు వెళ్లకుండా.

మొన్న ఆదివారం తప్పలేదు. మా ఆవిడ చందువ తెమ్మంది. చెన్నైలో దాన్ని వవ్వాల్ అంటారు. తమిళంలో గబ్బిలం కూడా వవ్వాలే. నేను జాగ్రత్తపడవలసింది అక్కడే.

చింతాద్రిపేట బజారులో ఒక కుప్ప కంటబడింది. గుండ్రంగా, పలచగా, వెండి పళ్లేలలా మెరుస్తున్నాయి. "వవ్వాలా?" అన్నాను. "ఏరి వవ్వాల్ సార్" అందామె. పాపం, నాకోసం మంచివి ఏరి ఇస్తోందని మురిసిపోయాను. అత్తగారికి చూపించాలి కదా అని కోయించకుండా తెచ్చి, ఫోటో తీసి, "అసలు సిసలు సముద్రపు చందువ" అని రాసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

రెండు నిమిషాల్లో అత్తగారి ఫోను.

"చేప నిగనిగలాడుతోంది అల్లుడుగారూ. పొట్ట కింద రెక్కలు ఉన్నాయా?"

"చక్కగా రెండున్నాయండీ."

"ఎదిగిన చందువకు అవి ఉండవు బాబూ. వీపు మీద, తోక దగ్గర బుల్లి రెక్క ఒకటి ఉందేమో చూడండి."

ఉంది.

"పొట్ట ఎర్రగా కనిపిస్తోంది..."

"లైటు వల్లనండీ."

"ఒక్కసారి నోరు తెరిచి ఫోటో పంపండి."

ఎవరి నోరని అడగబోయి ఆగాను. చెంచా కాడతో పెదవి ఎత్తి చూద్దును కదా, లోపల వరసగా, చదునుగా, అచ్చం మనిషి పళ్లు! నాకు రెండు దవడ పళ్లు లేవు. దానికి అన్నీ ఉన్నాయి.

"రూప్‌చంద్ అండీ, చెరువు చేప. పులుసుకు బాగానే ఉంటుంది" అన్నారావిడ, అల్లుడి మనసు నొప్పించకుండా.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులట, పిరాన్హాకు దగ్గరి చుట్టమట. ఇప్పుడు మన ఆంధ్రా చెరువుల్లోనే పెంచుతున్నారు. అంటే ఇదీ నాలాగే అటునుంచి చెన్నై చేరిందేమో.

"నాన్నా, తమిళంలో ఏరి అంటే చెరువు" అన్నాడు మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి, హోంవర్కులోంచి తల ఎత్తకుండానే. ఆ చేపలామె నిజమే చెప్పింది.

గబగబా ఫోటో తీసేయబోయాను. అప్పటికే మా తోడల్లుడు దానికింద పళ్లన్నీ బయటపెట్టి నవ్వే బొమ్మ పెట్టేశాడు.