సవరణ: బెరెజినా గడ్డకట్టి లేదు

1812లో రష్యా దండయాత్ర నుంచి వెనక్కి మళ్లిన నెపోలియన్ సేన బెరెజినా నదిని మంచుగడ్డ మీద నడిచి దాటిందని కిందటిసారి రాశాం. అది తప్పు. ఆ వారం చలి సడలి నది కరిగిపోయింది. అసలు చిక్కంతా అదే. మంచు పలకలు తేలుతున్న నీళ్లలోకి దిగి, స్టుడియాంకా ఊరి దగ్గర వంతెనలు కట్టే దళం అధిపతి జనరల్ ఎబ్లే మనుషులు నవంబరు 26న రెండు వంతెనలు కట్టారు. కలప ఆ ఊరి ఇళ్లు పీకి తెచ్చిందే. పడవ వంతెన సామానును చక్రవర్తే కొద్దిరోజుల ముందు ఓర్షా పట్టణంలో తగలబెట్టించాడు మరి! ఎబ్లే పట్టుబట్టి మిగుల్చుకున్న రెండు కొలుములు, బొగ్గు, పనిముట్ల బండ్లే గట్టెక్కించాయి.

ఒక్కో వంతెనకు 23 కొయ్య ఊతాలు. కాలిబంట్ల వంతెన పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఫిరంగులు, బండ్లు వెళ్లేదే మూడుసార్లు విరిగింది. అడుగున బురద, పైన బరువు, ఊతాలు దిగబడిపోయాయి. పలకలు చాలక పరిచిన గుండ్రటి దుంగల మీద చక్రాలు ఎగిరిపడుతుంటే ఆ కుదుపంతా ఊతాలకే తగిలేది.

"సేనను చలే మింగింది" అన్న వాక్యాన్నీ తీసేస్తున్నాం. సెప్టెంబరు 14న మాస్కోలో అడుగుపెట్టేనాటికే ప్రధాన సేన సగానికంటే తక్కువకు పడిపోయింది. ఎండ, విరేచనాలు, టైఫస్ జ్వరం, పారిపోయినవాళ్లు, దారిలో కాపలాకు వదిలిన దళాలు. పచ్చి రై పైరు మేసి గుర్రాలైతే జూన్ నెలాఖరు నుంచే చావడం మొదలుపెట్టాయి.